ఇంటిపేరు తండ్రిది, రొట్టె తల్లిది
(క్రొయేషియా వలస కుటుంబాల పండుగ వంటల గురించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఆహ్వానపత్రంలో క్రొయేషియా అనే పేరు చూసి, అది ఎక్కడుందో ఫోనులో వెతుక్కుని వచ్చినవారు ఈ సభలో కొందరైనా ఉంటారు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఇటలీకి ఎదురుగా, ఏడ్రియాటిక్ సముద్రానికి తూర్పు ఒడ్డున ఉన్న చిన్న దేశం అది. 2021 లెక్కల ప్రకారం అక్కడి జనాభా సుమారు 38 లక్షల 70 వేలు. మన హైదరాబాదు జనంలో సగం కూడా కాదు. అయితే ఆ గడ్డ మీద పుట్టినవారి మనవలు, మునిమనవలు అమెరికాలో, చిలీలో, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో, కెనడాలో లక్షల సంఖ్యలో ఉన్నారు. ఈ రోజు నేను మాట్లాడబోయేది వాళ్ళ గురించే. వాళ్ళలో చాలామందికి ఆ భాష రాదు. ఆ దేశాన్ని కళ్ళతో చూసినవారు తక్కువ. ఇంటిపేరు చూస్తే ఐరిష్ పేరో, జర్మన్ పేరో, మెక్సికన్ పేరో ఉంటుంది. అయినా డిసెంబరు వచ్చిందంటే వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి, పిండిని సాగదీసి, అక్రోట్ల ముద్ద పూసి, చుట్టి, కాలుస్తారు. మీరెవరని అడిగితే, మేము క్రొయేషియన్లమని తడుముకోకుండా చెబుతారు.

ఏ ఆధారంతో చెబుతారు? నాకు తోచిన సమాధానం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు దానితో పోట్లాడవచ్చు. ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది, పండుగ రొట్టె తల్లి నుంచి వస్తుంది. వలస కుటుంబాల చరిత్రను మనం ఇంటిపేర్లు పట్టుకుని రాసుకుంటూ వచ్చాం. అందువల్ల సగం చరిత్ర మన కంటికి ఆనలేదు. ఆ సగాన్ని వెతకాలంటే వంటింట్లోకి వెళ్ళాలి.

ముందు వాళ్ళు ఊరు విడిచి ఎందుకు వెళ్ళారో చూద్దాం. 19వ శతాబ్దం చివర క్రొయేషియా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగం. తీరప్రాంతమైన డాల్మేషియా వియన్నా కింద, లోపలి ప్రాంతాలు హంగరీ రాజ్యం కింద ఉండేవి. డాల్మేషియా ద్వీపాల బతుకంతా ద్రాక్షతోటల మీద. ఫ్రాన్సులో ఫైలోక్సెరా అనే పురుగు తోటలను తినేసిన కాలంలో ఇక్కడి వైన్‌కు మంచి గిరాకీ వచ్చింది. అది చూసి రైతులు దొరికిన ప్రతి రాతినేలలోనూ తీగ నాటారు. 1891లో సామ్రాజ్యం ఇటలీతో ఒప్పందం చేసుకుని, ఇటలీ వైన్ మీద సుంకం తగ్గించింది. ధర పడిపోయింది. 1894లో ఆ పురుగు డాల్మేషియాకూ చేరింది. అలా మొదట ధర పోయింది, వెనకే తోట పోయింది. తెరచాప ఓడల మీద బతికే ఊళ్ళకు ఆవిరి ఓడలు వచ్చి పని లేకుండా చేశాయి. లోపలి కొండప్రాంతాల్లో ఉమ్మడి కుటుంబాలు విడిపోయి, భూమి ముక్కలు చెక్కలైంది. ఇలాంటి కథలు మనకు కొత్త కాదు కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

వెళ్ళినవారు ఎక్కడికి పడితే అక్కడికి వెళ్ళలేదు, తమ ఊరివాడు ఉన్నచోటికి వెళ్ళారు. విస్ ద్వీపంలోని కొమీజా ఊరి జాలర్లు కాలిఫోర్నియాలోని సాన్ పెడ్రో రేవుకు చేరి, అక్కడా చేపలే పట్టారు. బ్రాచ్ ద్వీపంవారు చాలామంది చిలీకి వెళ్ళారు. లోపలి ప్రాంతాలవారు పిట్స్‌బర్గ్ ఉక్కు కొలుములకు, మిషిగన్ రాగి గనులకు, మిన్నెసోటా ఇనుప గనులకు, కాన్సస్ సిటీ మాంసం కర్మాగారాలకు వెళ్ళారు. న్యూజిలాండ్ వెళ్ళినవారు కౌరీ చెట్ల జిగురు కోసం బురదనేలలు తవ్వారు.

ఈ వివరం వంటకు చాలా అవసరం. క్రొయేషియాలో పండుగ వంటిల్లు ఒకటి కాదు, కనీసం రెండు. తీరంలో క్రిస్మస్ అంటే ఫ్రితులె. ఎండుద్రాక్షను రమ్ములోనో, రకియా అనే ద్రాక్షసారాలోనో నానబెట్టి, నిమ్మతొక్క తురిమి, జారుగా కలిపిన పిండిని పిడికిట్లో పట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పైకి వచ్చిన ముద్దను చెంచాతో తీసి నూనెలో వేస్తారు. పైన చక్కెర పొడి చల్లుతారు. విజయవాడ పునుగులు తెలిసినవారికి ఇంతకంటే చెప్పనవసరం లేదు. (నవ్వులు) సారా సంగతి వేరే. క్రిస్మస్ ముందురోజును వాళ్ళు బద్‌న్యాక్ అంటారు. ఆ రోజు మాంసం ముట్టరు. బకలార్ అనే ఎండు కాడ్ చేపను నానబెట్టి, దంచి, బంగాళాదుంపలతో వండుకుంటారు. ఆ సాయంత్రం ఇల్లంతా ఫ్రితులె వేగే వాసన.

లోపలి ప్రాంతాల్లో ఈ సందడి పొయ్యిలోకి మారుతుంది. అక్కడ పులిసిన పిండి, అక్రోట్లు, గసగసాలు. అక్రోట్ల చుట్టను ఒరెహ్‌న్యాచా అని, గసగసాల చుట్టను మాకొవ్‌న్యాచా అని అంటారు. ఈస్టరుకు మళ్ళీ తీరానిదే పైచేయి: గుడ్ల పచ్చసొనలు ధారాళంగా పడిన గుండ్రని తీపిరొట్టె, పైన కత్తిరతో మూడు కోతలు. దాన్ని పింత్సా అంటారు, కొన్ని చోట్ల సిర్నిత్సా అంటారు. పవిత్ర శనివారంనాడు పంది తొడమాంసం, గుడ్లు, ఉల్లికాడలతో పాటు బుట్టలో పెట్టి చర్చికి తీసుకెళ్ళి, దీవెన చేయించుకుని, మర్నాడు తింటారు. నలభై రోజుల ఉపవాసం తర్వాత అన్ని పచ్చసొనలు ఒక్క రొట్టెలో ఎందుకు పడతాయో వేరే చెప్పాలా?

అందువల్ల సాన్ పెడ్రోలోని మనవరాలికి క్రొయేషియన్ అంటే ఫ్రితులె, కాన్సస్‌లోని మనవరాలికి అక్రోట్ల చుట్ట. ఇద్దరూ ఎదురుపడితే ఒకరి పండుగ వంట మరొకరికి కొత్తగా ఉంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. వాళ్ళ అమ్మమ్మలు మోసుకొచ్చింది ఒక లోయనో, ఒక ద్వీపాన్నో. దేశం అనే మాట ఆ వంటల మీదికి తర్వాత వచ్చి కూర్చుంది.

ఇక కాన్సస్ సిటీ. నాకు ఇష్టమైన చోటు కాబట్టి ఇక్కడ కొంచెం నిదానిస్తాను. కాన్సస్ నది మిస్సోరి నదిలో కలిసే పల్లంలో పెద్ద పెద్ద మాంసం కర్మాగారాలు ఉండేవి. వాటి పక్కనే లోతట్టులో కూలీల గుడిసెలు. 1903 వరదలో ఆ పల్లం మునిగిపోయింది. అక్కడి క్రొయేషియన్ కుటుంబాలు పక్కనున్న గట్టు మీదికి చేరాయి. దాని పేరు స్ట్రాబెర్రీ హిల్. 1900లో ఏర్పడిన సెయింట్ జాన్ ద బాప్టిస్ట్ చర్చి వాళ్ళకు ఊరి నడిబొడ్డు అయింది. 1918 ఇన్‌ఫ్లుయెంజా తర్వాత అనాథలైన పిల్లల కోసం ఒక పాత భవంతిలో ఆశ్రమం తెరిచారు. ఇప్పుడు ఆ భవంతే వాళ్ళ మ్యూజియం. 1950ల చివర పెద్ద రహదారి వేయడానికి ఆ గట్టులో ఒక భాగాన్ని కోసేశారు. ఇళ్ళు పోయినవారు నగరమంతా చెదిరిపోయారు. ఇంత జరిగినా అక్కడ నిలిచినదేమిటంటే పొవితిత్సా.

పొవితిత్సా అంటే అక్రోట్ల చుట్టే. దాన్ని చేసే తీరు వినండి. మైదా, పాలు, వెన్న, గుడ్లు, కొంచెం చక్కెర, ఈస్ట్ కలిపి మెత్తగా పిసికి పొంగనిస్తారు. భోజనాల బల్ల మీద శుభ్రమైన దుప్పటి పరిచి, పిండి చల్లి, ముద్దను మధ్యలో పెట్టి ముందు కర్రతో ఒత్తుతారు. తర్వాత కర్ర పక్కన పెట్టేస్తారు. ఉంగరాలు తీసేసి, చేతులు పిండి కిందికి పోనిచ్చి, వేళ్ళ గోళ్ళు తగలకుండా చేతివెనుక భాగంతో లాగుతూ బల్ల చుట్టూ తిరుగుతారు. దుప్పటి మీది పువ్వులు పిండిలోంచి కనిపించాలి. అప్పుడు సరి. అక్రోట్లను మెత్తగా విసిరి, వేడి పాలు, వెన్న, చక్కెర, గుడ్డు కలిపిన ముద్దను అంచుల దాకా పూస్తారు. ముద్ద మరీ గట్టిగా ఉంటే పిండి చిరుగుతుంది, మరీ జారుగా ఉంటే కాలేటప్పుడు పొరల మధ్య ఖాళీలు పడతాయి. దుప్పటి ఒక అంచు ఎత్తితే పిండి దానంతట అదే చుట్టుకుంటూ పోతుంది. ఆ పొడవాటి చుట్టను మలుపులు తిప్పి డబ్బాలో సర్దుతారు. ఆవిరి పోవడానికి పుల్లతో గుచ్చుతారు. గంట సేపు సన్నటి వేడిమీద కాలుస్తారు. కోస్తే లోపల గోధుమరంగు సుడులు. ఒక్కో రొట్టె కిలోకు పైనే తూగుతుంది.

ఈ పని ఒక్కరు చేయలేరని కాదు. కానీ ఒకవైపు లాగుతుంటే మరోవైపు ఆరిపోతుంది. నాలుగు చేతులుంటే మేలు, ఆరుంటే ఇంకా మేలు. అక్రోట్లు విసరడానికి పిల్లలు కావాలి. అంటే ఈ రొట్టె చేయాలంటే ఇంట్లోని ఆడవాళ్ళు, పొరుగింటివారు, పిల్లలు ఒక రోజంతా ఒక్క బల్ల చుట్టూ ఉండి తీరాలి. పాత చీటీల్లో కొలతలు సరిగా ఉండవు. పిండి ఎంత అంటే పట్టినంత. ఎందుకంటే ఆ చీటీలు పక్కన నిలబడి నేర్చుకున్నవారు గుర్తుకోసం రాసుకున్నవి. పిండి ఎప్పుడు సాగడం ఆపాలో కాగితం చెప్పలేదు. పక్కనున్న అమ్మమ్మ చేయి చెబుతుంది. భాష రాని మనవరాలికి కూడా అది తెలుస్తుంది. భాష మూడో తరానికి అందకపోయినా రొట్టె అందడానికి కారణం ఇదే అని నా నమ్మకం.

పెళ్ళిళ్ళ సంగతి ఇప్పుడు చేర్చండి. రెండో తరం, మూడో తరం బయటి కుటుంబాల్లో పెళ్ళి చేసుకుంది. కర్మాగారంలో పక్కన పని చేసిన ఐరిష్ వాడినో, పోలిష్ వాడినో చేసుకున్న అమ్మాయికి ఇంటిపేరు మారిపోయింది. "ఇచ్" అని ముగిసే పేరు పోయింది. జనాభా లెక్కల గుమాస్తాకు ఆమె కనిపించదు. క్రొయేషియన్ అబ్బాయి బయటి అమ్మాయిని చేసుకుంటే మాత్రం పిల్లలకు ఆ పేరు దక్కుతుంది. పేరు దక్కింది గానీ, అత్తగారు ఓపికగా కోడలికి నేర్పితే తప్ప, ఆ పిల్లలకు రొట్టె దక్కకపోవచ్చు. అమెరికా సర్వేల్లో క్రొయేషియా మూలమని రాసుకునేవారు సుమారు నాలుగు లక్షలు. సంఘాలు చెప్పే అంచనా దానికి రెండు మూడు రెట్లు. ఈ తేడాలో కొంత సంఘాల ఉత్సాహం ఉంటుంది, కాదనను. కొంత మాత్రం పేరు మారిన ఆడపిల్లల సంతానం.

నేను అమ్మమ్మలను దేవతలను చేయడం లేదు. ఆ రోజుల్లో ఉక్కు ఊళ్ళలో పెళ్ళైన క్రొయేషియన్ స్త్రీ బతుకు చాలా కఠినం. మొదట వచ్చినవారిలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్ళు. ఒక సంసారి ఇంటిని అద్దెకు తీసుకుంటే పదీ పదిహేనుమంది కూలీలు అందులో ఉండేవారు. పగటి వంతువాడు లేచిన మంచంలో రాత్రి వంతువాడు పడుకునేవాడు. అందరికీ వండి, బట్టలు ఉతికి, డబ్బాలు కట్టేది ఆ ఇంటి ఇల్లాలు. డబ్బు లెక్క మాత్రం భర్త పేరున. పిట్స్‌బర్గ్ పక్కన మిల్‌వేల్‌లోని సెయింట్ నికోలస్ చర్చి గోడల మీద మాక్సో వాంకా అనే చిత్రకారుడు 1937లోనూ 1941లోనూ వేసిన బొమ్మలు చూస్తే ఇది తెలుస్తుంది. ఒక గోడ మీద పల్లెబట్టల్లో ఉన్న తల్లులు, పనిలో చచ్చిపోయిన కొడుకు శవం చుట్టూ కూర్చుని ఏడుస్తుంటారు. మరోచోట ఒక పేద కుటుంబం రొట్టె, సూపు పెట్టుకుని ప్రార్థనతో భోజనానికి కూర్చుంటుంది. దానికి ఎదురుగా ఒక ధనవంతుడు నిండిన బల్ల ముందు ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఇలాంటి బొమ్మ వేయనిచ్చిన ఆ చర్చి ఫాదరుకు, ఆ కూలీలకు నమస్కారం పెట్టాలి.

పనిలో చచ్చిపోయేవారి కుటుంబాల కోసమే 1894లో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ఒక సహాయ సంఘం పుట్టింది. తర్వాత క్రొయేషియన్ ఫ్రెటర్నల్ యూనియన్ అయింది. చరిత్ర పుస్తకాల్లో అధ్యక్షుల పేర్లు వరుసగా దొరుకుతాయి. చర్చి నేలమాళిగలో రొట్టెలు చేసి అమ్మిన స్త్రీల పేర్లు ఏ పుస్తకంలోనూ వరుసగా దొరకవు. అమెరికాలోని ఇలాంటి చర్చిల్లో పైకప్పు బాగు చేయాలన్నా, బడి నడపాలన్నా క్రిస్మస్ ముందు రొట్టెల అమ్మకమే దారి. ఇంట్లో చేసిన వంట అక్కడ సామూహిక శ్రమగా మారింది. అక్కడే దాని రూపం కూడా స్థిరపడింది. వందల రొట్టెలు చేయాలంటే అందరూ ఒకే కొలత వాడాలి, ఒకే డబ్బా వాడాలి. పది ఇళ్ళ పది రకాలు ఒక్కటయ్యాయి. మనం ఇప్పుడు సంప్రదాయం అని పిలిచేది చాలావరకు ఆ నేలమాళిగల్లో తయారైనదే.

మీరు అడగవచ్చు: అయితే అది అసలైన క్రొయేషియా వంట కాదా? క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ బేకరీలో దొరికే ఒరెహ్‌న్యాచా సాధారణంగా పిండి మందంగా, సుడులు తక్కువగా ఉంటుంది. అమెరికా రొట్టె పిండి పలుచన, అక్రోట్లు ఎక్కువ, కొన్ని ఇళ్ళలో దాల్చినచెక్క, కోకో కూడా. చౌకగా దొరికిన మైదా, సంచిలో వచ్చే చక్కెర, కొట్లో దొరికే ఈస్ట్, అన్నీ అక్కడివి. ఊళ్ళో ఏడాదికొకసారి కళ్ళపడే తెల్లపిండి, అమెరికాలో కూలివాడి ఇంటికి కూడా వారం వారం వచ్చింది. పేదరికంలో గుర్తుపెట్టుకున్న పండుగను కాస్త చేతిలో డబ్బు ఆడినప్పుడు వండితే అది అసలు కంటే ఘనంగానే వస్తుంది. దాన్ని కల్తీ అనడానికి నాకు మనసొప్పదు. ఊరు చూడటానికి వెళ్ళిన మునిమనవలు అక్కడి చుట్టను రుచి చూసి, మా అమ్మమ్మదే అసలైనది అని పేచీ పెడతారట. వాళ్ళకు దగ్గరి చుట్టం ఆ రొట్టె కాదు, స్ట్రాబెర్రీ హిల్ రొట్టె.

ఇందులో పక్కింటివారితో తగవు ఒకటి ఉంది. స్లొవేనియావారికి పొతీత్సా ఉంది. అదీ అక్రోట్ల చుట్టే. వాళ్ళ దేశంలో దాన్ని మధ్యలో బొడ్డున్న గుండ్రని అచ్చులో కాలుస్తారు. 2021లో యూరోపియన్ యూనియన్ దాన్ని సంప్రదాయ వంటగా నమోదు చేసింది. మిన్నెసోటా గనుల ఊళ్ళలో స్లొవేనియన్లు, క్రొయేషియన్లు పక్కపక్కనే ఉన్నారు. అక్కడ ఇద్దరూ దాన్ని పొడవాటి మామూలు రొట్టె డబ్బాలోనే కాలుస్తారు. ఆ అచ్చు ఓడలో రాలేదు, కొట్లో డబ్బా దొరికింది. తేడా కొంచెం కొంచెంగా కరిగింది. 2017 మే నెలలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సతీసమేతంగా వాటికన్ వెళ్ళినప్పుడు, పోప్ ఫ్రాన్సిస్, ఈయనకు ఏం పెడుతున్నారు, పొతీత్సానా అని స్లొవేనియాలో పుట్టిన ఆవిడను సరదాగా అడిగారు. పక్కనున్న విలేకరులు మొదట పిజ్జా అని విన్నారు. (నవ్వులు) మిన్నెసోటాలోని అమ్మమ్మలైతే పొరపాటు పడేవారు కాదు.

కాగితాల మీద వీళ్ళకు ఎన్ని పేర్లు పెట్టారో చూడండి. రేవులో దిగినప్పుడు ఆస్ట్రియన్లు. కొన్ని చోట్ల స్లవోనియన్లు. 1918 తర్వాత సెర్బులు, క్రొయేట్లు, స్లొవేన్ల రాజ్యం నుంచి వచ్చినవారు. 1929 నుంచి యుగోస్లావులు. 1991 తర్వాతే క్రొయేషియన్లు. న్యూజిలాండ్‌లో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆస్ట్రియన్ అనే ముద్ర వీళ్ళను శత్రుదేశస్థులను చేసింది. ఏ సామ్రాజ్యం బాధ తప్పించుకుని వచ్చారో ఆ సామ్రాజ్యం మనుషులని అనుమానించారు. 1924 చట్టంతో అమెరికా మొత్తం యుగోస్లావియాకు ఏడాదికి 671 మందిని మాత్రమే రానిచ్చింది. అంటే కొత్తగా వచ్చి భాషను తాజాగా ఉంచే మనుషుల రాక దాదాపు ఆగిపోయింది. ఇక మిగిలినది పండుగల పంచాంగం. బద్‌న్యాక్ ఏ పాలకుడు మారినా డిసెంబరు 24నే వస్తుంది.

చిలీలో ఈ పంచాంగం తలకిందులు. పుంతా అరేనాస్ ఆ దేశపు దక్షిణపు కొసన ఉన్న ఊరు. 1880లు, 90లలో తియెర్రా దెల్ ఫ్యూగో అనే ద్వీపంలో బంగారం ఉందని విని వచ్చిన డాల్మేషియా మనుషుల సంతానం అక్కడ చాలా ఎక్కువ. 2022లో చిలీ అధ్యక్షుడైన గాబ్రియేల్ బోరిచ్ ఆ ఊరివాడే. ఇంటిపేరు నిలిచినవారికి ఆయన ఉదాహరణ. అక్కడ డిసెంబరు అంటే ఎండాకాలం, రాత్రి పదింటికి కూడా వెలుతురు. క్రొయేషియాలో డిసెంబరు 13న, సెయింట్ లూసీ పండుగనాడు, పళ్ళెంలో గోధుమలు చల్లి మొలకెత్తిస్తారు. బయట అంతా ఎండిపోయిన చలికాలంలో ఇంట్లో పచ్చగా ఉండాలని. బయటే పచ్చగా ఉన్న దేశంలో ఆ పళ్ళేనికి అర్థం మారిపోతుంది. అయినా సగం భూగోళం అవతల నేర్చుకున్న తేదీలను వదలరు. వేడి నూనె ముందు నిలబడి ఫ్రితులె వేయడానికి మాత్రం ఎండాకాలమైనా చలికాలమైనా చెమట తప్పదు.

ఇక పండితులు ఏమన్నారో రెండు మాటలు. మార్కస్ లీ హాన్సెన్ అనే చరిత్రకారుడు 1938లో, కొడుకు మరచిపోవాలనుకున్నదాన్ని మనవడు గుర్తుచేసుకోవాలనుకుంటాడు అనే అర్థం వచ్చేలా చెప్పాడు. ఎప్పుడూ కొడుకు, మనవడే. కూతురు ఏం చేసిందో ఆయన చూడలేదు. కూతురు మరచిపోలేదు, డిసెంబరులో పిండి పిసుకుతూనే ఉంది. 1979లో హెర్బర్ట్ గాన్స్ అనే సామాజికశాస్త్రవేత్త, తర్వాతి తరాల జాతి గుర్తింపు ప్రతీకగా మాత్రమే మిగులుతుంది, దైనందిన జీవితంలో దానికి పెద్దగా ఖర్చు ఉండదు అన్నాడు. ఏడాదికొకసారి జెండా పట్టుకోవడం, పాట పాడటం, తినడం. ఇందులో చాలా నిజం ఉంది. కానీ తినేవాడి వైపు నుంచి చూసిన నిజం అది. వండేవారికి ఖర్చు ఉంది: ఒక రోజు, నడుము నొప్పి, ఖరీదైన అక్రోట్లు. గాన్స్ మాట పొవితిత్సా ముక్క అందుకున్నవారికి వర్తిస్తుంది, డబ్బాలు కడిగినవారికి వర్తించదు.

ఇప్పుడు ఇంట్లో చేసేవారు తగ్గారు. కాన్సస్ సిటీలో 1984 నుంచి ఈ రొట్టెను చేసి దేశమంతటికీ తపాలాలో పంపే వ్యాపారం కూడా ఉంది. ఉద్యోగాలు చేసే స్త్రీలను, మీ అమ్మమ్మలా ఎందుకు చేయరు అని నిలదీసే హక్కు ఎవరికీ లేదు. ముఖ్యంగా ముక్క కోసం చెయ్యి చాపే మగవారికి. (చప్పట్లు) కొన్న రొట్టె గుర్తును నిలుపుతుంది. పని నేర్పదు. రెండూ వేరు వేరు, అంతే.

2020 జనవరి 1 నుంచి క్రొయేషియా తన పౌరసత్వ చట్టాన్ని సడలించింది. వలస వెళ్ళినవారి సంతతి ఎన్నో తరమైనా సరే పౌరసత్వం అడగవచ్చు, భాషా పరీక్ష అక్కరలేదు. అమ్మ వైపు వరసైనా చెల్లుతుంది. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. ముత్తవ్వ పుట్టింటి పేరు ఏమిటి? చర్చి పుస్తకంలో ఏ అక్షరాలతో రాశారు? చట్టం ఒప్పుకున్నా కాగితం సహకరించదు, ఎందుకంటే పెళ్ళితో ఆ పేరు చెరిగిపోయింది. వంట చీటీ ఉంది. దాన్ని కార్యాలయంలో తీసుకోరు.

నా మాట ఇంతే. ప్రశ్నలు అడగండి.

సభలో ఒకరు: జాగ్రెబ్ వెళ్ళినప్పుడు ఎర్రటి హృదయాకారపు బిస్కట్లు చూశాను. అవి కూడా ఈ పండుగ వంటలేనా?

అవి లిత్సితార్లు. ఉత్తర క్రొయేషియా కళ. 2010లో యునెస్కో జాబితాలో చేరింది. కానుకగా ఇస్తారు, చెట్టుకు వేలాడదీస్తారు. దయచేసి తినకండి, పళ్ళు ఊడతాయి. (నవ్వులు) తినాలంటే పప్రెన్యాకి ఉన్నాయి, తేనె, అక్రోట్లు, మిరియాలు వేసిన బిస్కట్లు. బజారులో కొనుక్కోగలిగే గుర్తులు ఇవి. పర్యాటకుడి సంచిలో పట్టేవి. పొవితిత్సా బరువు.

మరొకరు: మన తెలుగువారికి కూడా ఇదే వర్తిస్తుందా మాస్టారూ?

కొంతవరకే. మారిషస్ తెలుగువారు దగ్గరి పోలిక. చాలామంది ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు. అయినా ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు, సింహాద్రి అప్పన్న పూజ ఇంకా ఉంది. భాష జారినా పండుగ పట్టు వదల్లేదు. అమెరికాలోని మనవారితో పోల్చడానికి తొందరపడకండి. వాళ్ళకు ఇంకా విమానాలున్నాయి, వీడియో పిలుపులున్నాయి, సంక్రాంతికి ఊరి నుంచి అరిసెల పార్సెల్ వస్తుంది. ఆ పార్సెల్ రాని తరం వచ్చినప్పుడు, బెల్లం పాకం ఎప్పుడు దించాలో తెలిసిన చేయి అక్కడ ఉంటుందో లేదో చూడాలి. ఇప్పుడే చెప్పలేం.

ఇంకొకరు: మగవాళ్ళు అసలు చేయరా?

ఎప్పుడూ చేయలేదనను. అక్రోట్ల మర తిప్పడం పాత రోజుల్లోనూ మగవారి పని. ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసిన తాతలు చర్చి వంటిళ్ళలో పిండి లాగుతున్నారు. వాళ్ళు నేర్చుకున్నదీ అమ్మ దగ్గరే, భార్య దగ్గరే.

చివరగా ఒక అమ్మగారు: మన ఇంట్లో చేసుకోవచ్చా?

తప్పకుండా అమ్మా. మన ఎండకు పిండి తొందరగా పొంగుతుంది, అందుకని ఈస్ట్ కొంచెం తగ్గించండి. అక్రోట్లు కొనేముందు ఒకటి కొరికి చూడండి, చేదెక్కినవి ఎంత చక్కెర వేసినా దాగవు. ముద్ద చల్లారాకే పూయండి, వేడిగా పూస్తే పిండి చిరుగుతుంది. ఫ్యాను ఆపేయండి. మొదటిసారి బల్లంత సాగదీయాలని పట్టుబట్టకండి, సగం బల్ల చాలు. ఇంట్లో ఇంకొకరిని పిలవండి.